చీరల షాపులో కెమెరా స్క్రీన్: ముఖాల వైపు కాదు, చీరలు పరిచే పరుపు వైపు తిప్పండి

విజయవాడ బీసెంట్ రోడ్డు, వన్‌టౌన్ చీరల షాపులకు సరిపోతుందని చెప్పే కెమెరా స్క్రీన్ సెట్టు మీద ఈ రివ్యూ. ఇందులో 43 అంగుళాల కమర్షియల్ డిస్‌ప్లే, ఇంటెల్ మినీ పీసీ, 1080పీ యూఎస్‌బీ కెమెరా, ఇంటెల్ వాళ్ల ఏఐ టూల్‌కిట్ ఓపెన్‌వినో మీద నడిచే సాఫ్ట్‌వేర్ ఉంటాయి. ఎదురుగా ఉన్నది ఆడా మగా, వయసెంత అని అంచనా కట్టి ప్రకటన మార్చడం దీని పని. కాలేజీ అమ్మాయి కనిపిస్తే హాఫ్ శారీ, పెద్దావిడ వస్తే కంచి పట్టు. డిస్‌ప్లేకి, కెమెరాకి వంక పెట్టక్కర్లేదు. ముఖం చూసి మనిషిని తేల్చే భాగమే డబ్బు దండగ.

ముందు దూరం లెక్క చూడండి. 70 డిగ్రీల లెన్సుకి 3 మీటర్ల దూరంలో 4.2 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. అడ్డంగా 1920 పిక్సెళ్లు కాబట్టి మీటరుకి 457, అంటే 15 సెంటీమీటర్ల ముఖానికి 68. వయసు చెప్పే ఏజ్-జెండర్-రికగ్నిషన్-రిటైల్-0013 మోడల్‌కి కావలసిన బొమ్మ 62×62. మూడు మీటర్లు దాటితే లేని వివరాన్ని సాగదీయడమే. అసలు చిక్కు అంతకు ముందే ఉంది. ముఖాన్ని వెతికే ఫేస్-డిటెక్షన్-రిటైల్-0004 మొత్తం ఫ్రేముని 300×300కి కుదిస్తుంది, అక్కడ ఆ 68 పిక్సెళ్లు పదకొండు కూడా మిగలవు. ఫ్రేముని ముక్కలు చేసి పంపేలా సెట్ చేయకపోతే గుమ్మంలో పదిమంది ఉన్నా దానికి ఎవరూ లేనట్టే. పైగా కెమెరా రోడ్డు వైపు చూస్తుంటే మధ్యాహ్నం ఎండకి ముఖాలన్నీ నల్లటి నీడలే. గుమ్మానికి పక్కవాటుగా బిగించాలి.

ఇక మనుషుల సంగతి. ఆ వయసు మోడల్ 18 నుంచి 75 ఏళ్ల వాళ్లకే పనికొస్తుందని, పిల్లల ముఖాలతో దానికి శిక్షణ ఇవ్వలేదని తయారీదారు పత్రంలోనే ఉంది. పిల్లలు లేకుండా పెళ్లి బట్టలకి వచ్చే కుటుంబం ఎక్కడైనా ఉందా? ఎండకి ముఖం నిండా చున్నీ చుట్టుకుని స్కూటీ దిగే అమ్మాయిల ముఖం దానికి దొరకదు. కొండ మీద అమ్మవారికి తలనీలాలిచ్చి అటు నుంచి అటే షాపింగుకి వచ్చే ఆడవాళ్లని మగవాళ్ల కింద జమకట్టే ప్రమాదమూ ఉంది. 2018లో పరిశోధకులు జాయ్ బులమ్విని, టిమ్నిట్ గెబ్రూ ముఖం చూసి ఆడా మగా చెప్పే మూడు కంపెనీల వ్యవస్థలని పరీక్షిస్తే, ఛాయ తక్కువ ఉన్న ఆడవాళ్ల విషయంలో తప్పు 34.7 శాతం దాకా వెళ్లింది. తెల్లని మగవాళ్లలో అది 0.8 శాతం దాటలేదు. మన చీరల షాపుకి వచ్చేది ఏ వర్గమో వేరే చెప్పాలా! ఇవన్నీ సరిగ్గా పనిచేసినా, ఐదుగురు కలిసి వస్తే దగ్గరి ముఖాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. సాధారణంగా అది గుమ్మం దగ్గర ఫోన్ చూస్తూ నిలబడ్డ భర్తది.

చట్టం కూడా అడ్డమే. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లకి గురిపెట్టిన ప్రకటనలు చూపకూడదు. ఎదుట ఉన్నది పిల్లలో కాదో తేల్చలేని యంత్రం ఆ గీత ఎలా దాటకుండా ఉంటుంది? ‘ఫొటో దాచం’ అని అమ్మేవాళ్లు చెప్పే జవాబూ చాలదు, సేకరించడాన్ని కూడా చట్టం ప్రాసెసింగ్‌లోనే కలిపింది.

అదే సెట్టుని పరుపు మీదికి తిప్పితే లెక్క మారిపోతుంది. కెమెరాని పరుపుకి 2.5 మీటర్ల ఎత్తున సీలింగుకి బిగిస్తే 3.5 మీటర్ల వెడల్పు వస్తుంది, 10 సెంటీమీటర్ల అంచుకి 55 పిక్సెళ్లు దక్కుతాయి. సేల్స్‌మన్ వంగినప్పుడు తల అడ్డు రాకుండా కాస్త కస్టమర్ల వైపు జరపండి. విప్పిన చీర రకాన్ని పట్టి, అదే రకం కట్టుకున్న మోడల్ వీడియోని స్క్రీన్ మీద వేయాలి. ఆరు రకాలతో మొదలుపెట్టండి, శిక్షణకి రకానికి 150 నుంచి 200 ఫొటోలు, సగం మడతలో, సగం విప్పి. ఇంటర్నెట్ కేటలాగు ఫొటోలు వాడొద్దు, అదే కెమెరాతో, అదే లైట్ల కింద తీసినవే కావాలి. కెమెరా తనంతట వెలుగుని, రంగుని సర్దుకునే ఆటో ఎక్స్‌పోజర్, ఆటో వైట్ బ్యాలెన్స్ రెండూ లాక్ చేయాలి, లేకపోతే జరీ మెరిసినప్పుడల్లా వంగపండు రంగు కాస్తా నీలం అవుతుంది. కెమెరా ఫ్లికర్ సెట్టింగ్ 60 హెర్ట్జ్‌లో ఉంటే మన 50 హెర్ట్జ్ కరెంటు కింద కొన్ని ఎల్‌ఈడీలకి బొమ్మ మీద చారలు పడతాయి, అదీ మార్చండి. చీర ఝాడించేటప్పుడు కాకుండా, రెండు సెకన్లు కదలకుండా ఉన్నాకే గుర్తించాలి. ఒకసారి వేసిన వీడియో కనీసం 8 సెకన్లు ఆడాలి.

పోచంపల్లి ఇకత్, గద్వాల్ కుట్టు అంచు తేలిగ్గా దొరుకుతాయి. మంగళగిరి, వెంకటగిరి సాదా కాటన్లని కలిపేస్తుంది, వాటికి ఒకే వీడియో పెట్టేయడం మేలు.

కరెంటు పోయి వస్తే మినీ పీసీ తనంతట తాను లేవాలి. పీసీ బయోస్ సెట్టింగుల్లో ఆ ఆప్షన్ ఆన్ చేయించుకోకుండా ఇన్‌స్టలేషన్ వాళ్లని పంపొద్దు. వీడియోలన్నీ లోపలి ఎస్ఎస్‌డీలోనే ఉండాలి, యూఎస్‌బీ కేబుల్ 5 మీటర్లు దాటకూడదు.

ధర మాత్రం బొమ్మని బట్టి చూపించకండి. ఇకత్ డిజైను అచ్చేసిన పాలిస్టర్ చీర కూడా కెమెరాకి పోచంపల్లే. ధర, చేనేత అన్న మాట రెండూ ట్యాగు మీది క్యూఆర్ నుంచే రావాలి.