ఒలింపస్ ఓఎం-1: వ్యూఫైండర్ కోసం కొనవలసిన కెమెరా

పాత ఫిల్ము ఎస్ఎల్ఆర్ కెమెరాను (లెన్సు గుండా వచ్చే దృశ్యాన్నే అద్దం సాయంతో వ్యూఫైండర్‌లో చూపేదాన్ని) కొనేవారు సాధారణంగా ముందు షట్టరును, తరవాత లెన్సును, ఆ పైన బాడీ మీది గీతలను, సొట్టలను పరిశీలిస్తారు. ఒలింపస్ ఓఎం-1 విషయంలో మాత్రం అన్నిటికన్నా ముందు వ్యూఫైండర్‌కు కన్ను ఆనించి నిదానంగా చూడాలి. ఈ కెమెరాకు ఇంత పేరు తెచ్చింది ఆ వ్యూఫైండరే. ఇన్నేళ్ల వయసు వచ్చిన ఓఎం-1లో చికిత్సకు కష్టమైన జబ్బు పట్టేది కూడా దాని పైన కూర్చున్న ప్రిజానికే, అంటే వెలుగును కంటి వైపు మళ్లించే గాజు దిమ్మెకే. ఈ రెండు సంగతులూ తెలియకుండా కొన్నవారికి ఈ కెమెరా గొప్పతనమూ తెలియదు, దానిలోని లోపమూ ముందుగా కనిపించదు.

దీనిని రూపొందించిన యోషిహిసా మైతాని అంతకు ముందే 1959లో హాఫ్‌ఫ్రేమ్ కెమెరా (మామూలు ఫిల్ము చట్రంలో సగం మీదే బొమ్మ తీసేది) అయిన పెన్‌ను, 1963లో అదే కొలతలో ఎస్ఎల్ఆర్ అయిన పెన్ ఎఫ్‌ను తీర్చిదిద్దిన ఇంజినీరు. నాటి 35 మి.మీ. ఎస్ఎల్ఆర్‌లు బరువుగా, పెద్దవిగా, చప్పుడు ఎక్కువ చేసేవిగా ఉన్నాయన్నది ఆయన అసంతృప్తి. ఆ మూడింటికీ సమాధానంగా 1972లో ఎం-1 అనే పేరుతో కెమెరా వెలువడింది. ఎం అక్షరంతో అప్పటికే కెమెరాలు చేస్తున్న లైకా సంస్థ అభ్యంతరం చెప్పడంతో 1973లో ఆ పేరు ఓఎం-1గా మారింది. బాడీ బరువు సుమారు 510 గ్రాములు, వెడల్పు 136 మి.మీ., ఎత్తు 83 మి.మీ., మందం 50 మి.మీ. ఎం-1కు ఒక ఏడాది ముందు వచ్చిన కెనాన్ ఎఫ్-1 బాడీ ఒక్కటే 800 గ్రాములు దాటేదని గుర్తు పెట్టుకుంటే, ఆ రోజుల్లో ఈ కెమెరా చేతికి ఎంత తేలికగా అనిపించి ఉంటుందో ఊహించవచ్చు.

ఇంత చిన్న బాడీలో అన్నిటినీ ఇమడ్చడానికి మైతాని షట్టరు వేగాలను నియంత్రించే యంత్రాంగాన్ని పై కప్పు కింద నుంచి తీసి అద్దపు పెట్టె అడుగు భాగానికి మార్చారు. షట్టరు వేగాలను మార్చే చక్రం లెన్సు బిగించే చోట, దాని చుట్టూ వలయంగా ఏర్పడింది అందువల్లనే. ఇతర కెమెరాలకు అలవాటు పడిన చేతికి ఇది మొదట వింతగా తోస్తుంది. పైన కుడివైపు షట్టరు చక్రం ఉండే స్థానంలో ఇక్కడ ఫిల్ము వేగాన్ని (వెలుగుకు ఫిల్ము ఎంత త్వరగా స్పందిస్తుందో తెలిపే అంకెను) అమర్చే చక్రం ఉంటుంది కాబట్టి, పాత అలవాటు కొద్దీ వేలు అటే పోతుంది. అయితే కొన్ని రీళ్లు తీసేసరికి ఈ అమరికలోని తర్కం బోధపడుతుంది. లెన్సుకు ముందు కొసన అపర్చర్ (వెలుగు దూరే రంధ్రం) వలయం, మధ్యలో ఫోకస్ వలయం, బాడీకి ఆనుకుని షట్టరు వలయం ఒకే వరుసలో ఉంటాయి. మూడింటినీ ఎడమ చేతి వేళ్లే చూసుకుంటాయి. కుడి చేతికి మీట లాగడం, బటన్ నొక్కడం తప్ప మరో పని ఉండదు. ఫొటో తీస్తున్నంత సేపూ కెమెరాను కంటి నుంచి దించవలసిన అవసరమే రాకపోవడం ఈ అమరిక వల్ల కలిగే అసలైన ప్రయోజనం.

ఇక వ్యూఫైండర్ సంగతి. 50 మి.మీ. లెన్సును అనంత దూరానికి ఫోకస్ చేసినప్పుడు దీని మాగ్నిఫికేషన్ 0.92. అంటే ఎదుట ఉన్న దృశ్యం మామూలు కంటికి కనిపించే పరిమాణానికి చాలా దగ్గరగా కనిపిస్తుంది. రెండో కన్ను మూయకుండానే చూడవచ్చు, రెండు కళ్లలోని బొమ్మలూ దాదాపు ఒకదానిపై ఒకటి సరిపోతాయి. ఫిల్ము మీద పడబోయే చట్రంలో 97 శాతం ఇందులో కనిపిస్తుంది. పోలిక కావాలంటే, 1977లో వచ్చిన నికాన్ ఎఫ్ఎం ఎంతో మంచి కెమెరాయే గాని, దాని అంకెలు 0.86, 93 శాతం. కాగితం మీద ఈ తేడా స్వల్పంగానే అనిపిస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని ఒకదాని తరవాత ఒకటిగా చూస్తే మాత్రం కిటికీ తలుపు ఓరగా తెరిచి చూడడానికీ బార్లా తెరిచి చూడడానికీ ఉన్నంత తేడా తెలుస్తుంది. పైగా ఓఎం-1 వ్యూఫైండర్‌లో ఎడమవైపు దిగువన, వెలుగును కొలిచే మీటరు ముల్లు ఒక్కటే ఉంటుంది. అంకెలు, దీపాలు, గుర్తులు మరేవీ ఉండవు. షట్టరు వేగం ఎంతో, అపర్చర్ ఎంతో లోపల కనిపించకపోవడం కొందరికి లోటుగా తోచవచ్చు. నాకు మాత్రం ఇది వరమే. ఫోకస్ తెర మీద బొమ్మ తప్ప మరొకటి లేనప్పుడు, చట్రం మూలల్లో ఏముందో చూడడానికి కంటికి తీరిక దొరుకుతుంది.

లోపం కూడా ఇక్కడే దాగి ఉంది. పెంటాప్రిజం చుట్టూ కంపెనీవారు ఫోమ్ పట్టీ అమర్చారు. దశాబ్దాలు గడిచేసరికి ఆ ఫోమ్ కుళ్లి, జిగట పదార్థంగా మారి, ప్రిజం వెలుపలి తలాల మీది వెండి పూతను తినేస్తుంది. దాని ఫలితంగా వ్యూఫైండర్‌లో, తరచుగా దిగువ భాగంలో, నల్లని గీత గాని మరక గాని కనిపిస్తుంది. ఫిల్ము మీద దీని ప్రభావం రవంత కూడా ఉండదు. ఎందుకంటే షట్టరు తెరుచుకునే ముందే అద్దం పైకి లేచి వెలుగుకు నేరుగా దారి ఇస్తుంది, ప్రిజానికి ఆ దారితో సంబంధం లేదు. అమ్మేవారు ఈ మాటే చెప్పి కొనేవారిని ఒప్పించడం మామూలు. మాట నిజమే గాని, వ్యూఫైండర్ కోసం కొనే కెమెరాలో వ్యూఫైండరే చెడిపోయి ఉంటే మిగిలినది ఏమిటన్నది ఆలోచించుకోవాలి. పూత పోయిన ప్రిజాన్ని తుడిచి బాగుచేయలేము. మరో కెమెరా నుంచి మంచి ప్రిజాన్ని తెచ్చి అమర్చాలి, లేదా కొత్తగా వెండి పూత వేయించాలి. రెండూ తేలిక కావు.

పరీక్షించడానికి పెద్ద సాధనాలేవీ అక్కరలేదు. సమంగా వెలుగు పడిన తెల్ల గోడ వైపు కెమెరాను తిప్పి, లెన్సును ఫోకస్ తప్పించి, చట్రం నాలుగు అంచులనూ నెమ్మదిగా పరిశీలించాలి. తెర మీద పడిన దుమ్ము చుక్కలుగా కనిపిస్తుంది. దానికి భయపడనక్కరలేదు, ఎందుకంటే ఈ కెమెరాలో ఫోకస్ తెరను లెన్సు ఉండే మార్గం గుండానే బయటికి తీసి మార్చుకోవచ్చు. పూత పోయిన జాడ చుక్కలా కాక, గీతలా గాని పాకినట్టున్న మరకలా గాని ఉంటుంది, ఫోకస్ మార్చినా కదలదు. ప్రిజం ఇంకా బాగుంటే సంతోషించి ఊరుకోకుండా, మొదటి సర్వీసింగ్‌లోనే పై కప్పు విప్పించి ఆ ఫోమ్ పట్టీని పూర్తిగా తీయించేయాలి. ఓఎం-1 కొన్నవారికి ఇంతకన్నా ముఖ్యమైన సలహా నా దగ్గర లేదు. వెనుక తలుపు అంచుల్లో వెలుగు చొరబడకుండా ఉంచే సీళ్లు, అద్దం పైకి లేచినప్పుడు తాకే చోట ఉండే మెత్తటి పట్టీ కూడా ఇదే విధంగా చివికి ఉంటాయి. వాటిని మార్చడం మాత్రం ఓపిక ఉన్న ఎవరైనా ఇంట్లో చేసుకోగలిగిన పని.

షట్టరు అడ్డంగా కదిలే గుడ్డ తెరలతో చేసినది. 1 సెకను నుంచి 1/1000 సెకను వరకు అన్ని వేగాలూ బ్యాటరీ లేకుండానే పనిచేస్తాయి. అద్దం కదలిక అదురును తగ్గించడానికి గాలి డాంపర్ అమర్చారు కాబట్టి, నొక్కినప్పుడు మెత్తని చప్పుడు మాత్రమే వినిపిస్తుంది. కొనేటప్పుడు వెనుక తలుపు తెరిచి, 1 సెకను దగ్గర చెవితోనూ, 1/1000 దగ్గర వెలుగు వైపు చూస్తూ కంటితోనూ పరీక్షించడం మంచిది. 1/1000 దగ్గర చట్రంలో ఒక వైపు నీడగా కనిపిస్తే రెండు తెరల వేగాలూ పొంతన తప్పాయని అర్థం. ఎలక్ట్రానిక్ ఫ్లాష్ వాడేవారికి 1/60 సెకనే హద్దు కావడం మరో పరిమితి. పగటి వెలుగులో ఫ్లాష్ కలిపి తీయాలనుకునేవారికి ఇది ఇబ్బందే.

అద్దాన్ని ముందుగానే పైకి లేపి నిలిపే చిన్న మీట ఈ కెమెరాకు దక్కిన గొప్ప సౌకర్యం. 1975లో వచ్చిన ఓఎం-2లో ఇది లేదు. అద్దం అదురు లేకపోవడం, బ్యాటరీ ఖర్చు లేకుండా షట్టరును ఎంతసేపైనా తెరిచి ఉంచగలగడం, టెలిస్కోపుకు అనువైన ఫోకస్ తెర కూడా దొరకడం వల్ల నక్షత్రాలను ఫొటో తీసేవారు ఓఎం-1ను ఎన్నో ఏళ్లపాటు ఏరికోరి వాడారు. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. అద్దం లేచి ఉన్నప్పుడు లెన్సును సూర్యుడి వైపు తిప్పితే, భూతద్దం కింద కాగితం కాలినట్టు గుడ్డ తెరకు చిల్లు పడుతుంది. వాడిన వెంటనే మీటను యథాస్థానానికి తిప్పడం అలవాటు చేసుకోవాలి.

మీటరు దగ్గర మాత్రం కొంత ఓర్పు కావాలి. కాడ్మియం సల్ఫైడ్ కణాలతో పనిచేసే ఈ మీటరును 1.35 వోల్టుల పాదరసపు బ్యాటరీకి అనుగుణంగా తయారుచేశారు. పాదరసం విషపూరితం కాబట్టి ఆ బ్యాటరీల తయారీ ఆగిపోయింది. అదే కొలతలో దొరికే 1.5 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీని పెడితే ముల్లు కదులుతుంది గాని, ఉన్నదానికన్నా ఎక్కువ వెలుగు ఉన్నట్టు చూపుతుంది. ఆ మాట నమ్మి తీస్తే నెగటివ్‌లు పలుచబడతాయి. పైగా ఆల్కలైన్ వోల్టేజి వాడేకొద్దీ తగ్గుతూ పోతుంది కాబట్టి, తప్పు కూడా ఒకే తీరుగా ఉండదు. జింక్-ఎయిర్ బ్యాటరీ సరైన వోల్టేజి ఇస్తుంది గాని, గాలి తగిలిన నాటి నుంచి కొన్ని వారాల్లోనే అయిపోతుంది. సిల్వర్ ఆక్సైడ్ బ్యాటరీని వోల్టేజి తగ్గించే డయోడు గల అడాప్టర్‌తో వాడడం నాకు అన్నిటికన్నా నమ్మకమైన మార్గంగా తోస్తుంది. మీటరు స్విచ్ పైన ఎడమవైపు విడిగా ఉంటుంది. కెమెరాను సంచిలో పెట్టేముందు దానిని ఆపడం మరవకూడదు.

బ్యాటరీల గొడవే వద్దనుకునేవారు, ఎండలో ఎఫ్/16 అనే అపర్చర్ కొలత దగ్గర ఫిల్ము వేగానికి దగ్గరి షట్టరు వేగాన్ని పెట్టుకునే పాత సూత్రంతో హాయిగా పనిచేసుకోవచ్చు. 400 వేగం గల ట్రై-ఎక్స్, హెచ్‌పీ5 ప్లస్ వంటి నలుపు తెలుపు ఫిల్ములు కాస్త ఎక్కువ వెలుగు పడినా క్షమించే గుణం ఉన్నవి. ఎండలో 1/500, ఎఫ్/16 పెట్టుకుని, నీడలోకి వెళ్లినప్పుడు అపర్చర్‌ను మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) తెరిస్తే చాలా వరకు సరిపోతుంది. స్లైడు ఫిల్ముకు మాత్రం ఈ ధీమా పనికిరాదు. అక్కడ సరైన మీటరు ఉండి తీరాలి. స్లైడ్లే ఎక్కువగా తీసేవారికి, సులభంగా దొరికే చిన్న బ్యాటరీలతో నడిచే నికాన్ ఎఫ్ఎమ్‌నే నేను సూచిస్తాను, దాని వ్యూఫైండర్ కొంత చిన్నదైనా సరే.

లెన్సుల విషయంలో ఎక్కువ ఆలోచించనక్కరలేదు. కెమెరాతో పాటు సాధారణంగా వచ్చే ఒలింపస్ సొంత లెన్సు జుయికో 50 మి.మీ. ఎఫ్/1.8 చిన్నది, పదునైనది, 45 సెం.మీ. దగ్గరి దాకా ఫోకస్ అవుతుంది. కాలక్రమంలో దీని పూతలు మెరుగుపడ్డాయి కాబట్టి, సూర్యుడికి ఎదురుగా తీసేవారు తరవాతి కాలపు ప్రతిని వెతకడం మంచిది. దీనికి 28 మి.మీ. ఎఫ్/3.5 ఒకటి, 135 మి.మీ. ఎఫ్/3.5 ఒకటి తోడైతే దూరప్రయాణానికి సరిపడే జట్టు తయారవుతుంది. మూడింటికీ 49 మి.మీ. ఫిల్టర్లే సరిపోతాయి. గాజు లోపల సాలెగూడులాగా అల్లుకున్న బూజు, అపర్చర్ రేకుల మీద నూనె జిడ్డు ఉన్నాయేమో టార్చి వెలుగులో చూసి గాని తీసుకోకూడదు. ఈ లెన్సులను అడాప్టర్లతో మిర్రర్‌లెస్ డిజిటల్ కెమెరాల మీద కూడా వాడుతున్నందువల్ల, మంచి ప్రతులకు బాడీలకు మించిన గిరాకీ ఏర్పడింది.

ఏ ప్రతిని ఎంచుకోవాలన్నది చివరి ప్రశ్న. మోటారు డ్రైవ్ బిగించే వీలుతో 1974లో ఓఎం-1 ఎండీ, 1979లో కొద్దిపాటి మార్పులతో ఓఎం-1ఎన్ వచ్చాయి. ఓఎం-1ఎన్‌లో ఫ్లాష్ సిద్ధమైనట్టు తెలిపే చిన్న దీపం వ్యూఫైండర్‌లో చేరింది. రోజువారీ వాడకానికి వీటిలో ఏదైనా ఒకటే. అన్నిటికన్నా ముందటి ఎం-1 పేరు చెక్కిన ప్రతులు తక్కువ కాబట్టి, సేకరించేవారు వాటికి చాలా ఎక్కువ ఇచ్చి కొంటారు. అద్దాల బీరువాలో దాచుకునేవారికి ఆ రెండక్షరాల విలువ ఉండవచ్చు. ఫిల్ము వేసి వాడుకునేవారు మాత్రం మచ్చలేని ప్రిజం ఉన్న మామూలు ఓఎం-1ను ఎంచుకుని, ఆ మిగులును సర్వీసింగ్‌కు, కొన్ని రీళ్లకు ఖర్చు పెట్టడమే మంచిది.