సర్టిఫికెట్‌ను తుడిచిపెట్టిన అప్‌డేట్: ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌పై సమీక్ష

విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లోని మా కార్యాలయంలో, లైనక్స్ సర్వర్ మీద ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను మూడేళ్లుగా వాడుతున్నాము. జీఎస్టీ లెక్కల్లోనూ, ఇన్‌వాయిస్‌ల ముద్రణలోనూ దానికి వంక పెట్టవలసినది లేదు. నా ఫిర్యాదంతా దాని ఇన్‌స్టాలర్ గురించే.

గత నెల ఒక శనివారం సాయంత్రం కొత్త వెర్షన్ వేశాము. ఏ హెచ్చరికా లేకుండా రెండు నిమిషాల్లో పని పూర్తయింది. సోమవారం ఉదయం గాజువాక గోడౌన్ నుంచి గుమస్తా ఫోన్ చేసి, బ్రౌజర్‌లో కనెక్షన్ సురక్షితం కాదని వస్తోందని చెప్పి, "అయినా ముందుకు వెళ్లిపోమంటారా సార్?" అని అడిగారు. వద్దన్నాను. సర్వర్‌లో చూస్తే, మా డొమైన్ పేరుతో తీసుకున్న సర్టిఫికెట్ (ఇది మా సర్వరేనని బ్రౌజర్‌కు రుజువు చూపే ఫైలు) స్థానంలో 'లోకల్‌హోస్ట్' అనే పేరుతో తనకు తానే సంతకం చేసుకున్న సర్టిఫికెట్ ఒకటి ఉంది. దానికి జతగా సర్వర్‌లో రహస్యంగా ఉండవలసిన ప్రైవేట్ కీ కూడా మారిపోయింది. ఇంటర్నెట్ ప్రమాణాలను రూపొందించే ఐఈటీఎఫ్ 2021లోనే వాడకూడదని తేల్చిన, మేము ఎప్పుడో మూసివేసిన టీఎల్‌ఎస్ 1.0 (కనెక్షన్‌ను రహస్యంగా ఉంచే పద్ధతికి పాత రూపం) మళ్లీ తెరుచుకుంది.

అంతకన్నా కలవరపెట్టిన సంగతి తరువాత బయటపడింది. అనుమానం తీరక అదే ప్యాకేజీని ఒక పాత ల్యాప్‌టాప్‌లో వేసి, రెండు సర్టిఫికెట్ల ఫింగర్‌ప్రింట్లను (ఒక్కో సర్టిఫికెట్‌ను గుర్తుపట్టే అక్షరాల వరుసలను) పక్కపక్కన పెట్టి చూస్తే, అక్షరం పొల్లుపోకుండా ఒకటే. అంటే ఆ కీ మా సర్వర్‌లో తయారైనది కాదు, ప్యాకేజీతో పాటు కొన్నవారందరికీ పంచుతున్నది. గుమస్తా ఆ హెచ్చరికను దాటి వెళ్లడం అలవాటు చేసుకుని ఉంటే, ప్యాకేజీ చేతిలో ఉన్నవారెవరైనా మా సర్వర్‌గా నటించే వీలుండేది.

ఇన్‌స్టాలర్ స్క్రిప్టు తెరిచి చదివితే, ఫైలు ముందే ఉందా, దానిని ఎవరైనా మార్చారా అని చూసే వరుస ఒక్కటీ లేదు. నేరుగా పైన కాపీ చేస్తోంది. ఇదేమీ పరిష్కారం తెలియని సమస్య కాదు. డెబియన్ లైనక్స్‌లో ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే డీపీకేజీ, మనం మార్చుకున్న కాన్ఫిగరేషన్ (సెట్టింగుల) ఫైలుకు ప్యాకేజీలో కొత్త రూపం వస్తే, ఏది ఉంచాలో అడుగుతుంది, తేడాలు చూపుతుంది, ఊరికే ఎంటర్ నొక్కితే మన ఫైలునే ఉంచుతుంది. రెడ్‌హ్యాట్ వంటి లైనక్స్‌లలో అదే పని చేసే ఆర్‌పీఎమ్‌లో ఆ ఫైలుకు 'నోరిప్లేస్' అని గుర్తు పెడితే చాలు, కొత్తది 'ఆర్‌పీఎమ్‌న్యూ' అనే తోకతో పక్కన కూర్చుంటుంది.

సపోర్టుకు ఫోన్ చేస్తే, "బ్యాకప్ తీసుకోవలసింది మీరే కదండీ" అన్నారు. తీసుకున్నాము కనుకనే అరగంటలో పాతవి తిరిగి పెట్టగలిగాము; అడగకుండా తుడిచినందుకు అది జవాబు కాదు. ఇప్పుడు సెట్టింగుల ఫైళ్లు ఉండే ఈటీసీ డైరెక్టరీని ఈటీసీకీపర్ అనే సాధనంతో, మార్పుల చరిత్రను దాచే గిట్‌లో ఉంచి, ప్రతి అప్‌డేట్ తరువాత తేడాలు చూసుకుంటున్నాము.

బిల్లింగ్‌కు ఐదుకు నాలుగు, ఇన్‌స్టాలర్‌కు ఒకటి ఇస్తున్నాను. మా చందా గడువు మార్చిలో ముగుస్తుంది. ఆలోగా ఆ స్క్రిప్టు అడగడం నేర్చుకోకపోతే పొడిగించము.