ప్రభుత్వ డిగ్రీ కాలేజీ రివ్యూ: పాఠాలకి ఢోకా లేదు, ప్రిన్సిపాల్ గది సంగతే చూసుకోవాలి

మా అమ్మాయి బీఎస్సీ ఒక చిన్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో పూర్తి చేస్తోంది. కాలేజీ పేరు రాయడం లేదు. పేరు పెడితే అక్కడ ప్రాణం పెట్టి పాఠాలు చెప్పే లెక్చరర్లకే ఇబ్బంది, పైగా నేను చెప్పబోయేవి ఆంధ్రలో ఇలాంటి చిన్న కాలేజీలు చాలావాటికి వర్తిస్తాయి. చేర్చే ముందు మనందరం ఫ్యాన్లు తిరుగుతున్నాయా, బస్సు సౌకర్యం ఉందా, ప్లేస్‌మెంట్లు ఉన్నాయా అని అడుగుతాం. నేనైతే మొదట ఇది అడగమంటాను: ప్రిన్సిపాల్ రెగ్యులరా, ఇన్‌ఛార్జా? మిగతా ప్రశ్నల్లో సగానికి సమాధానం అక్కడే దొరుకుతుంది.

ముందు మంచి చెప్తాను, ఎందుకంటే నిజంగానే ఉంది. రెగ్యులర్ లెక్చరర్లు ఏపీపీఎస్సీ ద్వారా వచ్చినవాళ్లు, లెక్చరర్ అర్హత పరీక్షలైన నెట్టో స్లెట్టో, లేదా పీహెచ్‌డీనో ఉన్నవాళ్లు. క్లాసులో పిల్లలు తక్కువ కాబట్టి ఎవరు వెనకబడ్డారో వాళ్లకి తెలుసు, పేరు పెట్టి పిలిచి అడుగుతారు. కెమిస్ట్రీ మేడమ్ అయితే సెమిస్టర్ పరీక్షల ముందు సాయంత్రం కూడా కూర్చోబెట్టి చెప్పేవారు. దానికి ఆవిడకి ఎవరూ పైసా ఇవ్వలేదు. ఫీజు సంగతి సరేసరి, ప్రైవేటు కాలేజీతో పోల్చే పనే లేదు. చదువు వరకు నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఇక అసలు విషయం. మా అమ్మాయి చేరేనాటికి అక్కడ రెగ్యులర్ ప్రిన్సిపాల్ లేరు. ముందున్నాయన రిటైరయ్యారు, ప్రమోషన్ల జాబితా తేలలేదు, దాంతో పక్క ఊరి కాలేజీ ప్రిన్సిపాల్‌కి పూర్తి అదనపు బాధ్యతలు, అంటే ఆఫీసు భాషలో ఎఫ్ఏసీ, ఇచ్చారు. ఆయన వారంలో ఏదో ఒక రోజు వస్తారు, వచ్చిన రోజు సంతకాల కోసం ఫైళ్లు వరుస కడతాయి. మనిషి మంచివారే. కానీ ఆయనకి తన సొంత కాలేజీ ఉంది, ఇక్కడ ఎన్నాళ్లుంటారో ఆయనకే తెలియదు. అద్దెకున్నవాడు ఇంటికి కొత్త గది కట్టించడు కదా. జీతాల బిల్లు నెలనెలా ట్రెజరీకి వెళ్తుంది, అది ఆగదు. ఆగేవన్నీ మిగతావి: ల్యాబ్ కెమికల్స్ కొనడం, పాడైన మోటారు బాగుచేయించడం, కొత్త కోర్సుకి ప్రతిపాదన పంపడం. ఏదడిగినా ఆఫీసులో ఒకటే మాట, "రెగ్యులర్ ప్రిన్సిపాల్ గారు వచ్చాక చూద్దామండి".

ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ డబ్బు వచ్చే దారి తెలిస్తే ఎంత పెద్దదో అర్థమవుతుంది. ప్రభుత్వ కాలేజీకి వచ్చే డబ్బులో సింహభాగం జీతాలే, అది ట్రెజరీ నుంచి నేరుగా ఉద్యోగుల ఖాతాల్లోకి పోతుంది, కాలేజీ చేతిలో నిలిచేది కాదు. కరెంటు, స్టేషనరీ లాంటి వాటికి వచ్చే ఆఫీసు ఖర్చుల బడ్జెట్ చాలా తక్కువ, అది కూడా ఒక్కోసారి బిల్లు పెట్టాక నెలల తరబడి కదలదు. ఇక కాలేజీ చేతిలో ఉండేది పిల్లలు కట్టే స్పెషల్ ఫీజు: ల్యాబ్, లైబ్రరీ, ఆటలు వగైరా. వేల మంది ఉన్న పెద్ద కాలేజీకి అది పెద్ద మొత్తమే. కొద్ది మంది పిల్లలున్న చోట ఆ డబ్బుతో ఏడాది పొడవునా గాజు సామాను కొనడమే కష్టం. అంటే కాలేజీ చిన్నదైనకొద్దీ బయటి నిధులు తెచ్చుకోవాల్సిన అవసరం పెరుగుతుంది, తెచ్చే మనుషులు మాత్రం తగ్గిపోతారు.

బయటి నిధులంటే ముఖ్యంగా కేంద్రానివి. వాటికి అర్హత రావాలంటే యూజీసీ చట్టంలో 2(ఎఫ్), 12(బి) సెక్షన్ల కింద గుర్తింపులు ఒక మెట్టు, కాలేజీల నాణ్యతని అంచనా వేసే న్యాక్ సంస్థ ఇచ్చే గ్రేడు ఇంకో మెట్టు. 2013లో రూసా అనే కేంద్ర ఉన్నత విద్యా పథకం మొదలయ్యాక రాష్ట్రాల్లోని కాలేజీలకి భవనాలు, పరికరాల కోసం ఒక్కోదానికి 2 కోట్ల గ్రాంటు పెట్టారు: 35 శాతం కొత్త నిర్మాణానికి, 35 శాతం మరమ్మతులకి, 30 శాతం పరికరాలకి. మన లాంటి రాష్ట్రాల్లో ఆ ఖర్చులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40. 2023లో దాన్నే పీఎం ఉషగా మార్చారు, అందులో కాలేజీల బలోపేతానికి ఒక్కోదానికి 5 కోట్ల వరకు పెట్టారు. వినడానికి బాగుంటుంది. కానీ ఈ డబ్బు ఒకేసారి రాదు, విడతలుగా వస్తుంది. మొదటి విడత ఖర్చు పెట్టి, లెక్కలు సరిచూసి, వినియోగ ధ్రువపత్రం, అదే అందరూ యూసీ అంటారు, పంపితేనే తర్వాతి విడత. యూసీ మీద సంతకం ప్రిన్సిపాల్‌ది.

మా అమ్మాయి కాలేజీలో జరిగింది ఇదే. కంప్యూటర్ ల్యాబ్ కోసం గది గోడలు లేచాయి, శ్లాబు పడింది, అక్కడితో ఆగిపోయింది. డబ్బులు రాలేదని అందరూ ప్రభుత్వాన్ని తిట్టారు, నేనూ అలాగే విన్నాను. పేరెంట్స్ మీటింగ్‌లో గట్టిగా అడిగితే అప్పుడు బయటపడింది: అంతకుముందు విడతకి యూసీ పోలేదు. ఒకరి హయాంలో ఖర్చు, ఇంకొకరి హయాంలో లెక్క. మధ్యలో సీనియర్ అసిస్టెంట్ బదిలీ, బిల్లుల ఫైలు ఏ బీరువాలో ఉందో కొత్తాయనకి తెలియదు, తను చూడని ఖర్చు మీద సంతకం పెడితే రేపు ఆడిట్‌లో ఎవరు సమాధానం చెప్పాలని ఇన్‌ఛార్జ్ గారి భయం. ఆయన భయం న్యాయమైనదే. నష్టపోయింది మాత్రం ఆ ల్యాబ్ లేకుండానే డిగ్రీ పట్టా తీసుకుని వెళ్లిపోయిన పిల్లలు. దీనికి నాకు ఇప్పటికీ కోపంగానే ఉంది.

తర్వాత రెగ్యులర్ ప్రిన్సిపాల్‌గా ఒక మేడమ్ వచ్చారు. ఇక్కడి నుంచి నా రివ్యూ మారుతుంది. ఆవిడ కొత్తగా నిధులేమీ మోసుకు రాలేదు. చేరగానే పాత క్యాష్‌బుక్కులు తీయించి, బ్యాంకు స్టేట్‌మెంట్లతో సరిపోల్చి, ఆగిన యూసీని కదిలించారు. స్పెషల్ ఫీజు ఎంత వచ్చింది, దేనికి ఎంత ఖర్చయింది అని కాగితం మీద రాసి నోటీసు బోర్డులో పెట్టించారు. ఒక్క కాగితమే, కానీ తల్లిదండ్రుల మీటింగ్‌లో గొడవలు సగం తగ్గిపోయాయి! న్యాక్‌కి ఏటా పంపాల్సిన ఏక్యూఏఆర్ నివేదిక ఎవరో ఒక లెక్చరర్ నెత్తిన పడేయకుండా డిపార్ట్‌మెంట్ల వారీగా పంచారు. పాత విద్యార్థుల్లో వ్యాపారాలు చేసుకుంటున్నవాళ్లని పిలిచి బెంచీలు, నీళ్ల ఫిల్టరు అడిగారు. నగదు వద్దు, వస్తువే ఇవ్వండి, రిజిస్టర్లో మీ పేరు రాస్తాం అన్నారు. జనం ఇచ్చారు.

న్యాక్ పాత పద్ధతిలో అఫిలియేటెడ్ కాలేజీలకి మొత్తం 1000 మార్కులైతే పాలన, నాయకత్వం అనే ఆరో అంశానికి 100, బోధన, మూల్యాంకనానికి 350. కాగితం మీద ఆ తూకం సబబే అనిపిస్తుంది. నేను చూసినదాన్నిబట్టి మాత్రం ఆ 100 సరిగా లేకపోతే ల్యాబులు, లైబ్రరీ, విద్యార్థుల సదుపాయాలు అన్నిట్లోనూ మార్కులు కారిపోతాయి. నిధులకి గ్రేడు కావాలి, గ్రేడుకి సదుపాయాలు కావాలి, సదుపాయాలకి నిధులు కావాలి. ఈ చక్రంలో చిన్న కాలేజీ ఇరుక్కుంటే బయటికి లాగగలిగేది నాలుగైదేళ్లు ఒకేచోట ఉండే ప్రిన్సిపాల్ మాత్రమే. జాతీయాదాయంలో 6 శాతం చదువుకి పెట్టాలని 1964-66 కొఠారీ కమిషన్ చెప్పింది, 2020 జాతీయ విద్యా విధానం మళ్లీ అదే చెప్పింది. పెట్టాలి, అందులో రెండో మాట లేదు. వచ్చిన విడతకి లెక్క చెప్పే మనిషిని కూడా కుర్చీలో కూర్చోబెట్టాలి.

ఆఫీసు సేవలు: టీసీ, బోనఫైడ్ తొందరగానే ఇస్తారు. స్కాలర్‌షిప్ పనికి మాత్రం ఒక్కరే ఉన్నారు, జ్ఞానభూమి పోర్టల్‌లో తేడా వస్తే ఆయన లేని రోజు ఎవరికీ తెలియదు, వెళ్లేముందు ఫోన్ చేసి వెళ్లండి. గెస్ట్ లెక్చరర్ల పరిస్థితి బాధాకరం, పీరియడ్ల లెక్కన ఇచ్చే డబ్బు కూడా ఆలస్యంగా వస్తుంది, పాపం మధ్యలో మానేసినవాళ్లున్నారు, అలా ఒక సెమిస్టర్‌లో స్టాటిస్టిక్స్ సిలబస్ పూర్తికాలేదు. 2023-24 నుంచి డిగ్రీలో సింగిల్ మేజర్, అంటే ఒకే ప్రధాన సబ్జెక్టు పద్ధతి, వచ్చింది కాబట్టి ఇది ఇంకా ముఖ్యం. మీరు తీసుకోబోయే మేజర్‌కి రెగ్యులర్ లెక్చరర్ ఉన్నారా, అంతా గెస్టులతోనే నడుస్తోందా కనుక్కోండి. మూడు సబ్జెక్టులు సమానంగా ఉన్న రోజుల్లో ఒకటి దెబ్బతిన్నా గడిచిపోయేది, ఇప్పుడు మేజరే దెబ్బతింటే మొత్తం డిగ్రీయే బలహీనం.

చేర్చాలనుకునేవాళ్లు ఒక పూట కేటాయించి కాలేజీకి వెళ్లండి. ప్రిన్సిపాల్ ఎప్పుడు వచ్చారు, రిటైర్‌మెంట్ ఎప్పుడు అని అడగడంలో తప్పేమీ లేదు, అటెండర్ అయినా చెప్తారు. న్యాక్ వెబ్‌సైట్‌లో కాలేజీ పేరు కొట్టి పాత గ్రేడు, దాని గడువు చూడండి, కాలేజీని చూడ్డానికి న్యాక్ పంపిన బృందం రాసే పీర్ టీమ్ రిపోర్ట్ దొరికితే అందులో బలహీనతల భాగం చదవండి, చాలా సూటిగా రాస్తారు. బడ్జెట్ వివరాలు అడిగితే ముఖం చిట్లిస్తే, 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 ప్రకారం ఎవరూ అడగకుండానే ప్రకటించాల్సిన వాటిలో అవి కూడా ఉన్నాయని మర్యాదగా గుర్తుచేయండి. గొడవ పెట్టుకోకండి, ఆఫీసులో వాళ్లు కూడా ఇద్దరి పని ఒక్కరు చేస్తున్నారు.

బోధనకి ఐదుకి నాలుగున్నర ఇస్తాను. నిర్వహణకి ఇన్‌ఛార్జ్ కాలంలో అయితే ఒకటిన్నర, మేడమ్ వచ్చాక మూడున్నర. మా రెండోవాడికి ఈ ఏడాది మొదటి ఆప్షన్ ఇదే కాలేజీ పెడుతున్నాం, కెమిస్ట్రీ మేజర్. కంప్యూటర్స్ కావాలనుకునేవాళ్లు మాత్రం ఆ ల్యాబ్ గదికి తలుపులు, కరెంటు వచ్చాయో లేదో స్వయంగా చూసుకుని ఆప్షన్ పెట్టండి. నేను పోయిన నెల వెళ్లినప్పుడు వైరింగ్ జరుగుతోంది.