గోలలో ఇంటర్వ్యూకి మైకు కొనబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

ఎక్కడ కొన్నానో పేరు రాయను. ఈ సామాన్లు కొనేవాళ్ళలో సగం మంది ఎక్కే గుమ్మమే అది, మీకు అర్థమయ్యే ఉంటుంది.

సభ మర్నాడే ఉందని హడావిడిగా వెళ్ళి, కాలరుకు తగిలించుకునే వైర్‌లెస్ మైకులు రెండున్న కిట్ తెచ్చుకున్నాను. ఎందుకో ఒకటికి రెండుసార్లు చెప్పాను కూడా. హాలు నిండా జనం ఉంటారు, పక్కనే లౌడ్‌స్పీకర్లు మోగుతుంటాయి, ఆ మధ్యలో కూర్చుని ఒక పెద్దాయనతో మాట్లాడాలి అని. "దీంట్లో నాయిస్ క్యాన్సిలేషన్ ఉంది సార్, పక్కన పిడుగు పడ్డా వినపడదు" అన్నాడు షాపతను. అద్దాల గదిలోకి తీసుకెళ్ళి, తలుపు వేసి, డెమో ఇచ్చాడు. తలుపు వేసినప్పుడైనా నా బుర్ర వెలగాలి కదా! ఆహా, ఎంత స్పష్టంగా ఉందో అని మురిసిపోయాను.

పెద్దాయన నలభై నిమిషాలు మాట్లాడారు. ఇంటికొచ్చి వింటే, బిందెలో తల పెట్టి మాట్లాడుతున్నట్టుంది. మాటల చివర్లు తెగిపోయాయి. "అసలు నేను ఆ పని ఎందుకు మానేశానంటే..." అని గొంతు తగ్గించి చెప్పిన చోట ఏమీ లేదు. ఖాళీ. ఆయన గొంతు దించగానే అదీ గోలే అనుకుని మింగేసింది నా తెలివైన మైకు. వెనకాల "తెల్లకారు గేటుకు అడ్డంగా ఉంది, దయచేసి తీయండి" అన్న ప్రకటన మాత్రం పొల్లు పోకుండా వచ్చింది. ఫ్యాను రొదైతే తీసేస్తుందేమో గానీ, ఎదుటి మనిషి మాట ఏదో వెనక మనిషి మాట ఏదో దానికేం తెలుసు? రెండూ మనిషి గొంతులే. పైగా ఆ కోత మైకులోనే అయిపోయి ఫైలు తయారవుతుంది, పోయిన మాట తర్వాత ఎడిటింగ్‌లో తిరిగి రాదు.

సరే, కిట్ పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. హెడ్‌ఫోన్స్ కూడా పెట్టుకోలేదు మహానుభావుడు. ఫోన్ స్పీకర్లోనే పది సెకన్లు విని, కిట్ నావైపు నెట్టి, "మైకు బానే ఉంది సార్. గోలలో రికార్డ్ చేస్తే గోల రాక ఏమొస్తుంది?" అన్నాడు. పక్కనున్న కుర్రాడు నవ్వాడు. గోల కోసమే కొన్నానురా బాబూ, నువ్వే కదా పిడుగు అన్నావు! నోట మాట రాలేదు నాకు. ఇప్పుడు రాస్తుంటే వస్తున్నాయి, రాయకూడనివి.

నా తప్పూ ఉంది, ఒప్పుకుంటాను. అన్ని వైపుల ధ్వనీ తీసుకునే ఓమ్నీ రకం అని డబ్బా మీద గుండ్రటి బొమ్మ వేసి మరీ ఉంది. చూడలేదు. రికార్డింగ్ జరుగుతుండగా చెవిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉంటే రెండో నిమిషంలోనే తెలిసేది, ఆ క్యాన్సిలేషన్ ఆఫ్ చేసేవాణ్ణి. నిన్న సిగ్గు చంపుకుని పెద్దాయనకు ఫోన్ చేశాను. "ఒకసారి చెప్పాను కదా నాయనా" అన్నారు. అంతే.

కొనేవాళ్ళకు రెండు ముక్కలు. చేత్తో పట్టుకునే డైనమిక్ మైకు (లోపల సన్నటి తీగచుట్ట కదిలి పనిచేసే రకం) తీసుకోండి, నోటి దగ్గర పెట్టండి. దూరం సగమైన ప్రతిసారీ గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, వెనక గోల ఉన్నంతే ఉంటుంది. కాలరు దగ్గర 20 సెంటీమీటర్లు ఉండే దూరం నోటి ముందు 5 అయిందంటే 12 డెసిబెల్స్ ఊరికే వచ్చినట్టే. విలేకరులు వాడే ఎలక్ట్రో-వాయిస్ ఆర్ఈ50 కూడా ఓమ్నీయే, కానీ అది పెదవుల దగ్గర ఉంటుంది కాబట్టి నడుస్తుంది. వేదికల మీద కనపడే షూర్ ఎస్ఎం58 అయితే ముందు నుంచి వచ్చేదే ఎక్కువ తీసుకుంటుంది. షాట్‌గన్ మైకు (ఎటు గురిపెడితే అటు ధ్వనే ఎక్కువగా తీసుకునే పొడుగు గొట్టం లాంటిది) అంటగడతానంటే, మారుమోగే హాల్లో అది అంతగా పనిచేయదని గుర్తుపెట్టుకోండి. డెమో మాత్రం రోడ్డు మీదకొచ్చి ఇమ్మనండి.

రిటర్న్ అంటారా? "సీలు తీసిన ఆడియో సామాన్లు వెనక్కి తీసుకోము" అని బిల్లు వెనక సన్నక్షరాల్లో ఉంది. ఆ సీలు తీసింది నేను కాదు. అద్దాల గదిలో, డెమో కోసమని, ఆయనే తీశాడు.