మెల్‌బోర్న్‌లో ఐదు రోజులు, తొమ్మిది రికార్డులు

ఆస్ట్రేలియా రాక్ అంటే మనవాళ్లలో చాలామంది ఏసీ/డీసీ దగ్గరే ఆగిపోతారు. ఆ రికార్డులు హైదరాబాద్‌లో కూర్చుని తెప్పించుకోవచ్చు. నేను వెళ్లింది ట్రిఫిడ్స్, గో-బిట్వీన్స్, వరుంపి బ్యాండ్ లాంటి అక్కడి బ్యాండ్ల ఎల్‌పీల (వినైల్ రికార్డుల) కోసం.

మొదట దిగింది మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో, పిన్ని కొడుకు ఇంట్లో. చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు బోలెడు. పొద్దున ఇడ్లీ, రాత్రి పప్పుచారు, పైసా ఖర్చు లేదు. కానీ నాకు కావాల్సిన షాపులు సిటీకి ఆ చివర. సిటీలోని సదరన్ క్రాస్ స్టేషన్ దాకా రైల్లో అరగంటే అయినా, ఇంటి నుంచి టార్నీట్ స్టేషన్‌కి చేరడం, సదరన్ క్రాస్‌లో రైలు మారడం కలిపితే పూట గడిచిపోయేది. మూడో రోజు తమ్ముడు అలిగినా సరే, షాపులున్న వైపే, ప్రరాన్ దగ్గర గది తీసుకున్నాను. అగ్గిపెట్టెంత గది, కిటికీ తీస్తే ఎదురుగా గోడ. అయినా కొన్నవి గదిలో పెట్టేసి మళ్లీ నడిచి వెళ్లొచ్చు. రికార్డుల కోసమే వెళ్లేవాళ్లు ఇలాగే చేయండి. ట్రామ్ సిటీ నడిబొడ్డున ఫ్రీ, ఆ హద్దు దాటితే మైకీ అనే ప్రయాణ కార్డు టచ్ చేయాలి.

ప్రరాన్ స్టేషన్ దిగితే గ్రెవిల్ స్ట్రీట్, అందులోనే గ్రెవిల్ రికార్డ్స్. నాకు అన్నిటికంటే నచ్చిన షాపు ఇదే. ట్రిఫిడ్స్ వాళ్ల ‘ఇన్ ద పైన్స్’ పాత కాపీ అక్కడ దొరికింది. బయటికి తీసి లైటు కింద ఏటవాలుగా పట్టుకుని చూశాను. గోరు తగిలే గీత ఒక్కటీ లేదు. కవరు మీద మాత్రం లోపలి రికార్డు అంచు గుండ్రంగా అచ్చుపడింది. పాడేది కవరు కాదు కదా, తీసేసుకున్నా.

1986లో ఈ పెర్త్ బ్యాండ్ రెండు ఆల్బమ్‌లు తెచ్చింది. ‘బార్న్ శాండీ డివోషనల్’ లండన్ స్టూడియోలో చేసింది. ‘ఇన్ ద పైన్స్’ మాత్రం గాయకుడు డేవిడ్ మెకోంబ్ కుటుంబానికి చెందిన పొలంలో, గొర్రెల ఉన్ని కత్తిరించే షెడ్డులో రికార్డు చేశారు. పేరంతా మొదటిదానికే. నా ఓటు షెడ్డుకే. మొదటిది ఈమధ్య మళ్లీ అచ్చేసిన కాపీ దొరికినా చాలు, రెండోదానికి పాతది వెతకండి.

వరుంపి బ్యాండ్ ‘బిగ్ నేమ్, నో బ్లాంకెట్స్’ (1985) ఫిట్జ్‌రాయ్‌లో ఒక షాపులో కనిపించింది. ఎడారి ఊరు పాపున్యా నుంచి వచ్చి, 1983లోనే లురిట్జా అనే ఆదివాసీ భాషలో రాక్ సింగిల్ తెచ్చినవాళ్లు. ధర చూసి మళ్లీ అరలో పెట్టేశాను. తప్పు చేశానని బయటికొచ్చాక తెలిసింది. వెనక్కి వెళ్తే షట్టర్ దించేశారు.

ఆదివారం సంత ఒకటి చూశాను. ధరలు చవకే, కానీ గో-బిట్వీన్స్ ‘16 లవర్స్ లేన్’ (1988) కనబడగానే లోపల చూడకుండా డబ్బులిచ్చేశాను. గదికొచ్చి తీస్తే ఏరోబిక్స్ రికార్డు!

పార్సిల్ గిట్టుబాటు కాలేదు. కవరుతో కలిపి ఒక్కోటి పావుకిలో, తొమ్మిదీ బట్టల మధ్య నిలబెట్టి చేతి సామానులోనే తెచ్చాను. ఏరోబిక్స్‌ది తమ్ముడి ఇంట్లో వదిలేస్తే, వాళ్ల పాప గోడకి తగిలించుకుంది.