డిగ్రీ, హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా రెండూ ఒకే ఫీజుకు ఇస్తామనే సంస్థలతో జాగ్రత్త

ఇంటర్ ఫలితాలు వెలువడగానే తిరుపతి, పుత్తూరు, శ్రీకాళహస్తి ప్రాంతాల్లోని ఇళ్లకు ఫోన్లు మొదలవుతాయి. మామూలు డిగ్రీలో చేర్పిస్తే మూడేళ్లు వృథా అని, ఐటీఐలో చేర్పిస్తే పిల్లవాడు జీవితాంతం పానా పట్టుకోవలసిందేనని, తమ దగ్గరైతే చేతికి పనీ చేతిలో పట్టా రెండూ ఉంటాయని అవతలివారు ఎంతో మర్యాదగా చెబుతారు. మా అక్కగారు ఆ మాటలు నమ్మి, తిరుపతిలోని ఒక ప్రైవేటు శిక్షణ సంస్థలో కొడుకును చేర్పించి, మొదటి విడతగా 65,000 రూపాయలు కట్టారు. ఇప్పుడు అబ్బాయి చేతిలో పట్టా లేదు, చెప్పుకోదగిన పనీ రాలేదు.

ఒప్పందం ప్రకారం మొత్తం ఫీజు 1,20,000 రూపాయలు. ఏడాది పాటు హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా తరగతులు జరుగుతాయి, హోటల్ మేనేజ్‌మెంట్‌లోనే మూడేళ్ల డిగ్రీని దూరవిద్యలో ‘మేమే చూసుకుంటాం’ అన్నారు. కరపత్రం అట్ట మీద బంగారు రంగు ముద్ర, దాని కింద ‘ప్రభుత్వ గుర్తింపు పొందినది’ అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. ఆ గుర్తింపు ఏమిటో చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: ట్రస్టుగా రిజిస్ట్రేషన్, ఒక ఐఎస్ఓ ధ్రువపత్రం. ట్రస్టు దస్తావేజును ఎవరైనా రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఐఎస్ఓ ధ్రువపత్రం సంస్థ నిర్వహణ పద్ధతికి సంబంధించినది. చదువు చెప్పి పట్టా ఇచ్చే అధికారం ఈ రెండింటిలో దేనివల్లా రాదు.

1956 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం) చట్టం ప్రకారం డిగ్రీ ఇచ్చే హక్కు చట్టబద్ధంగా ఏర్పడిన విశ్వవిద్యాలయాలకు, డీమ్డ్ విశ్వవిద్యాలయాలకు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలకు మాత్రమే ఉంటుంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. హోటల్ మేనేజ్‌మెంట్, కేటరింగ్ టెక్నాలజీ, పారామెడికల్, నర్సింగ్, ఫిజియోథెరపీ వంటి కోర్సులను దూరవిద్యలో నడపడాన్ని యూజీసీ నిషేధించింది. అంటే మా వాళ్లకు అమ్మిన సరుకు, పేరున్న విశ్వవిద్యాలయం తలచుకున్నా ఇవ్వలేనిది. దీని గురించి అడిగితే, ఒకేసారి రెండు డిగ్రీలు చదవవచ్చని 2022లో యూజీసీయే చెప్పిందని వార్తాపత్రిక కత్తిరింపు ఒకటి చూపించారు. ఆ వార్త నిజమే, కానీ ఆ రెండూ గుర్తింపు ఉన్న సంస్థల్లో, అనుమతి ఉన్న కోర్సులే అయి ఉండాలన్న భాగం కత్తిరింపులో లేదు. దూరవిద్యను ఇలా మూడో మనిషికి ఫ్రాంచైజీగా అప్పగించడానికి కూడా నిబంధనలు ఒప్పుకోవు. డిగ్రీలో చేరినట్టు విశ్వవిద్యాలయం ఇచ్చే ఎన్‌రోల్‌మెంట్ నంబరు అడిగిన ప్రతిసారీ ‘ఢిల్లీ నుంచి రావాలమ్మా’ అన్న ఒక్క జవాబే వచ్చింది.

ఇక పని నేర్పడం సంగతి. రెండు గ్యాస్ పొయ్యిలు, గోడకు ఒక మాస్టర్ చెఫ్ బొమ్మ, అదే వంటశాల. ముహూర్తాలు ఉన్న రోజుల్లో తరగతులు రద్దు చేసి, పిల్లలకు నల్ల ప్యాంటు, మెడకు బో తగిలించి కల్యాణ మండపాలకు వ్యానులో పంపేవారు. తెల్లవారుజామున నాలుగింటికి వెళ్లినవాడు మధ్యాహ్నం మూడో బంతి దాకా సాంబారు బకెట్టు మోసి, ఆకులు తీసి వచ్చేవాడు. రికార్డు పుస్తకంలో దాన్ని ‘బాంక్వెట్ ప్రాక్టికల్స్’ అని రాయించారు. కూలి మాత్రం కేటరింగ్ వారి నుంచి సంస్థే తీసుకునేది. ఫీజు కట్టి మరీ వడ్డన కూలికి వెళ్లడం మన ఊళ్లో కొత్త ముచ్చటే!

ఇదంతా వృత్తి శిక్షణను తక్కువ చేయడానికి రాయడం లేదు. నా ఉద్దేశంలో ఇక్కడి పిల్లలకు నిజమైన వృత్తి శిక్షణే చాలా సందర్భాల్లో మేలు. ఐటీఐలో రెండేళ్లు ఫిట్టర్ గానీ ఎలక్ట్రీషియన్ గానీ చదివితే దేశమంతటా చెల్లే జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది. ఆపైన 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండ్‌తో పని నేర్చుకోవచ్చు, శ్రీసిటీ, రేణిగుంట పరిశ్రమలూ దూరం కాదు. పదో తరగతి తరువాత పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరినవారు ఈసెట్ ద్వారా నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలోకి వెళ్లవచ్చు. వృత్తి విద్యలో చేరితే పైచదువుల దారి మూసుకుపోతుందని చెప్పేవారు ఈ సంగతి ఎత్తరు. వంట, ఆతిథ్య రంగమే ఇష్టమైతే జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష ద్వారా పూర్తికాలపు డిగ్రీలో చేరే మార్గం ఉంది. మరోవైపు గ్రూప్-2, బ్యాంకు పరీక్షల మీద ఆశ ఉన్న పిల్లలకు డిగ్రీ తప్పనిసరి. అలాంటివారు ఎస్వీ ఆర్ట్స్, గోవిందరాజస్వామి ఆర్ట్స్ వంటి కళాశాలల్లో బీఏనో బీకామో చదవడంలో చిన్నతనం ఏమీ లేదు. గుర్తింపు లేని పట్టాతో ఆ ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టినా అది నిలవదు.

డబ్బు కట్టే ముందు అడగవలసిన ప్రశ్న, పట్టా మీద సంతకం ఎవరిది అన్నది. విశ్వవిద్యాలయం పేరు చెబితే యూజీసీ జాబితాలో, దూరవిద్య అంటే యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైటులో ఆ కోర్సు, ఆ విద్యా సంవత్సరం ఉన్నాయో లేదో చూడండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా అని కూడా అడగండి, వెంటనే మాట మారిస్తే అక్కడే లేచి వచ్చేయవచ్చు. పదో తరగతి, ఇంటర్ అసలు సర్టిఫికెట్లను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకండి. కళాశాలలు అసలు సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ చెప్పిన మాట నిజమే గానీ, యూజీసీ పరిధిలోనే లేని ఇటువంటి సంస్థను ఆ నిబంధన పేరుతో నిలదీయలేము. మా అక్కగారు పోలీసు ఫిర్యాదు పెడతామన్న తరువాతే అబ్బాయి సర్టిఫికెట్లు తిరిగి వచ్చాయి, ఫీజు ఇంకా రాలేదు.

ఇప్పటికే డబ్బు కట్టినవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి రెండేళ్ల గడువు ఉంటుంది, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే కోర్టు రుసుము లేదు. కరపత్రం, రసీదులు, వాట్సాప్ సందేశాలు పారేయకండి. మా రసీదు మీద సంస్థ పేరు ఒకటి, ముద్రలో ట్రస్టు పేరు మరొకటి ఉన్నాయి. మీ రసీదు కూడా అలాగే ఉంటే ఫిర్యాదులో రెండు పేర్లూ రాయండి.