కూలెంట్, ఆయిల్ లీక్: ముందు ప్రెజర్ టెస్టా, నేరుగా హెడ్ విప్పించాలా?

కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) ఆయిల్‌లో కలిసినా, కారుతున్నా, విజయవాడ ఆటోనగర్‌లో బండి చూపించే ముందే ఇది తేల్చుకోండి.

ఖర్చు: టెస్ట్‌కి (కూలెంట్ దారుల్లోకి గాలి కొట్టి లీక్ చూడటం) కొద్దిగానే. హెడ్ (ఇంజిన్ పై భాగం) విప్పితే గాస్కెట్ (హెడ్ కింద ఉండే సీలు), బోల్టులు, లేత్ పని, లేబర్ కలిసి వేలల్లో.

సమయం: టెస్ట్ కాసేపట్లో అయిపోతుంది. హెడ్ పనికి రోజులు పడుతుంది.

రిస్క్: ఆయిల్‌లో కూలెంట్ కలిస్తే చాలు, హెడ్ గాస్కెట్ పోయిందనేస్తారు. ఆయిల్ కూలర్ (కూలెంట్‌తో ఆయిల్‌ని చల్లబరిచే భాగం) లోపల చిల్లు పడినా అవి కలుస్తాయి! అందుకే తొందరపడొద్దు. ఇంజిన్ చల్లారాక రేడియేటర్ మూత తీసి అక్కడ టెస్ట్ పంపు బిగించి, ఆ మూత మీద రాసున్న ప్రెజర్ వరకే గాలి కొట్టించి, పంపు మీటర్ ముల్లు చూడండి. ముల్లు దిగుతున్నా బయట చుక్క కనబడకపోతే లీక్ లోపల ఉండొచ్చు.

బయట తడి కనిపిస్తే లీక్ టెస్ట్‌తోనే దొరికిపోతుంది. తెల్ల పొగ ఆగకుండా వస్తూ, ఆయిల్ మూత కింద మీగడలా పేరుకుని, కూలర్ బాగానే ఉందని తేలితే మాత్రం హెడ్ విప్పించాల్సిందే. ఆ స్థితిలో బండి నడపొద్దు, టోయింగ్ చేయించండి.